మూడో వీధి దాకా తేలిక నడక

నడక 1

ఆఫీసు చిట్టాలో ఎక్కడ మొదలెట్టావు, ఎక్కడ ఆపావు, చెప్పులు ఎంత వేడెక్కాయి, ఇంతే రాయాలి. అది రాసేశాను. ఇది నా పుస్తకం. ఇందులో నా ఇష్టం వచ్చింది రాసుకుంటాను, ఎవరికీ చూపించను.

ఇవాళ్టి నుంచి నాకు కొత్త మనిషిని అంటగట్టారు. హైమావతి గారట. డెబ్భై ఒక్క ఏళ్ళు. పైఊళ్ళో కొండమీది ఆస్పత్రిలో ఊపిరిపెట్టెలో ఉంటారు. దుమ్ము తుఫానుల ఏడాది ఊపిరితిత్తులు పాడైన వాళ్ళలో ఈవిడొకరు. మెడ దగ్గర్నుంచి నడుం దాకా పెట్టెలోనే, తలా చేతులూ కాళ్ళూ మాత్రం బయట. ఆ కాళ్ళకి మేజోళ్ళు, నా కాళ్ళకి చెప్పులు, రెండూ ఒక జత. నేనిక్కడ గోదారి గట్టు మీద గులకరాయి తొక్కితే అక్కడ ఆవిడ అరికాలికి గుచ్చుకుంటుంది. ఆవిడ మేజోళ్ళు వేసుకుంటే ఇక్కడ నా చెప్పులు వెచ్చబడతాయి, ఆవిడ కాళ్ళు కదిపితే ఆ అడుగు నాకు తెలుస్తుంది. నా గొంతు మీద బిళ్ళ అతికిస్తారు కాబట్టి నా మాట ఆవిడకి వినపడుతుంది, ఆవిడ మాట నా చెవిలో పడుతుంది. అంతకు మించి ఏదీ పోదు. బొమ్మలు పోవు, పక్కవాళ్ళ మాటలు పోవు. మా వీధుల్లో నడుచుకోండి గానీ మమ్మల్ని చూడకండి, మా మాటలు వినకండి అని మా కిందూరి వాళ్ళు గట్టిగా పట్టుబట్టారు మరి.

జాబితాలో అన్నిటికన్నా తేలిక దారి ఎంచుకున్నారావిడ. పాత రేవు దగ్గర మొదలు, గట్టు వెంబడి రెండు పార్కులు, తర్వాత దొరలపేట మూడు వీధులు, మళ్ళీ వెనక్కి. గంటా పది నిమిషాలు. మెట్లు లేవు, ఎత్తుపల్లాల్లేవు. పోయిన నెలలో నాకిచ్చిన కుర్రాడు రోజూ కోట గుట్ట ఎక్కించి నా మోకాళ్ళు అరగదీశాడు. ఈవిడతో హాయి అనుకున్నాను.

నడక 3

అడుగు పట్టడమే మా పనిలో కష్టం. ఎవరి కోసం నడుస్తున్నామో వాళ్ళ నడక మనం నడవాలి. లేకపోతే వాళ్ళకి కళ్ళు తిరిగి వాంతులవుతాయి. హైమావతి గారు ఎడమ కాలు కొంచెం ఈడుస్తారు. కుడికాలు పడ్డాక అరక్షణం ఆగి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఆగి, అప్పుడు ఎడమది తెస్తారు. మూడు రోజులకి పట్టేశాను. ఇంట్లో కూడా అలాగే నడుస్తుంటే మా ఆయన సత్తిబాబు "ఏమే రత్నం, నువ్వు నడుస్తున్నావా, అమ్మోరు పూనిందా?" అని వెక్కిరించాడు. నీళ్ళ చెంబు విసిరాను.

నడక 6

ఈవిడ మాటకారి. నాకిష్టమే. మొదటి పార్కులో నాగమల్లి చెట్టు కింద రాలిన పూలు తొక్కితే "అబ్బ! మెత్తగా, చల్లగా. ఇంకోసారి తొక్కవా రత్నం?" అన్నారు. నాలుగుసార్లు తొక్కాను. క్యారమ్స్ ఆడుకునే ముసలాళ్ళు నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చూడనీ, నాకేం.

రెండో పార్కు దాటాక గట్టు దిగితే దొరలపేట. మొదటి వీధిలో తారు. రెండో వీధిలో ఇటుక రాళ్ళు, అక్కడక్కడా లేచిపోయాయి. మూడో వీధిలో నాపరాళ్ళు. పాత బంగళాలు, పెంకుల వరండాలు, ప్రతి గోడ మీదా వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గీత గీసి పక్కన ఏడాది రాసి ఉంటుంది. ఒక్కొక్క ఇంటికి పదేసి గీతలు. అన్నిటికన్నా పై గీత నా తలకి మూరెడు ఎత్తున ఉంది.

నాపరాళ్ళ మీద అడుగు పడగానే ఆవిడ మాట ఆగిపోయింది.

"రత్నం, ఎడం పక్కన పసుప్పచ్చ గేటు ఉందా?"

"ఉందండి."

"వరండాలో ఎవరన్నా ఉన్నారా?"

నాలుక కరుచుకున్నాను. దారి సంగతి ఎంతైనా చెప్పొచ్చు, దారిలో మనుషుల సంగతి ఒక్క ముక్క చెప్పకూడదు. మా ఉద్యోగంలో మొదటి కట్టడి అది. చెబితే చెప్పులు లాగేసుకుంటారు.

"అమ్మా, మనుషుల గురించి అడక్కండి."

"సరేలేమ్మా" అన్నారు.  నాకే ఏదోలా అనిపించింది.

నడక 9

చెప్పేశాను. ఏం చెయ్యను, ఆవిడ ఏడిస్తే నేను తట్టుకోలేను.

ఆ ఇంట్లో ఉండేది ఆవిడ చెల్లెలు, సుభాషిణి. ఇరవై రెండేళ్ళ కిందట పెద్ద వరదలో ఆఖరి పడవలో ఇద్దరికే చోటుందట. మంచం పట్టిన తల్లిని తీసుకుని హైమావతి గారు ఎక్కారు. "నువ్వు డాబా మీద ఉండవే, అమ్మని దింపి ఇదే పడవలో వచ్చేస్తాను" అని చెల్లెలికి చెప్పారు. రాలేదు. చెల్లెలు కుక్కని ఒళ్ళో పెట్టుకుని రెండు రోజులు డాబా మీద కూర్చుంది. చేపల వాళ్ళు దింపారు. తల్లి వారానికి కొండ మీద పోయింది. అప్పట్నుంచి మాటల్లేవు. అక్క రాసిన మూడు ఉత్తరాలు విప్పకుండానే వెనక్కి వచ్చాయట.

"నాకేం వద్దు రత్నం. ఇంటి ముందునుంచి పోతే చాలు. ఉందో లేదో చెబితే చాలు."

"ఉన్నారండి" అన్నాను. "తెల్లచీర. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది."

"నెరిసిందా? నాకన్నా ఏడేళ్ళు చిన్నది" అని నవ్వారు. ఆ నవ్వులోనే ఏడుపు.

నడక 17



పసుప్పచ్చ గేటు దగ్గరికి వచ్చేసరికి వరండాలోంచి కేక. "ఏయ్, ఆగు!"

ఆగాను. సుభాషిణి గారు గేటు దాకా వచ్చి నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూశారు.

"ఆ నడక నీది కాదు. మా అక్కది. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడింది, అప్పట్నుంచి అట్లాగే ఈడుస్తుంది. దానికి చెప్పు, నా గేటు ముందు నడవొద్దని. రెండు రోజులు కూర్చున్నానని చెప్పు. పడవ చప్పుడైనప్పుడల్లా లేచి నించున్నానని చెప్పు. దానికన్నా మా కుక్కే నయం, చచ్చేదాకా నన్నొదల్లేదు. చెప్తావా?"

తల ఊపాను.  ఆవిడ మాటలు అటు పోవుగా, హైమావతి గారికి నేను ఆగిన సంగతి మాత్రమే తెలిసింది.

"ఏమయింది రత్నం? ఎందుకాగావు?"

ఏం చెప్పను? పెట్టెలో పడుకున్న ముసలావిడకి నీకన్నా కుక్క నయమందని చెప్పనా? నా నోరెట్లా వస్తుంది?

"చెప్పులో రాయి పడిందండి" అన్నాను.

నడక 18

ఇవాళా వరండాలోనే ఉన్నారు. నావైపే చూస్తున్నారు. ఏమన్నా జవాబు తెచ్చానేమోనని చూస్తున్నట్టు అనిపించింది. నేను తల దించుకుని వచ్చేశాను. హైమావతి గారితో "చూశారండి మనవైపు" అన్నాను. ఇది అబద్ధం కాదు. ఆవిడ ఎంత సంతోషించారో! "కోపంగానా, మామూలుగానా?" "మామూలుగానేనండి."

నడక 24

రోజూ మేం వచ్చే వేళకి సుభాషిణి గారు గేటు దగ్గరికే వచ్చి నించుంటున్నారు. ఏమీ అనరు. నేనూ ఆగను. నడవొద్దన్న మనిషి ఎదురుచూస్తుందేంటని మా ఆయన్ని అడిగితే "తిట్టినవాళ్ళు తిరుగు తిట్టు కోసం చూస్తారే" అన్నాడు. వాడి మొహం, వాడికేం తెలుసు అనుకున్నాను.

నడక 29

గేటుకి తాళం. వరండాలో కుర్చీ లేదు. ఎదురింటి రూతమ్మ గారు అరుగు కడుగుతూ నన్ను చూసి చెంబు పక్కన పెట్టారు.

"నిన్న పొద్దున్నే పోయిందమ్మా. రోజూ గేటు దగ్గర నించునేది, అక్కడే కూలిపోయింది. ఎవరికి కబురు చెయ్యాలో కూడా తెలీలేదు. మా వాళ్ళే నలుగురూ పట్టి కానిచ్చేశారు."

నిన్న వాన పడుతుంటే నడక రద్దు చేశారు. నిన్న మేం రాలేదు.

నా చెవిలో హైమావతి గారు. "ఉందా రత్నం?"

"ఉన్నారండి" అన్నాను.

ఏం పోయేకాలం వచ్చింది నాకు? ఆ మాట ఎవరో నా నోట్లోంచి లాగినట్టు వచ్చేసింది. రేవు దాకా వచ్చాక చెబుదామనుకున్నాను. రేవు దగ్గర ఆవిడ "రేపు ఇంకొంచెం ముందు బయల్దేరదామా?" అన్నారు. చెప్పలేదు.

నడక 30

చెప్పలేదు.

నడక 38

ఒక అబద్ధానికి అన్నం పెట్టాలంటే రోజూ వండాలి. ఇవాళ చిక్కుడుకాయలు, రేపు మల్లెపూలు. ఒకరోజు దగ్గుతున్నారని చెప్పాను, మనిషన్నాక ఏదో ఒకటి ఉండాలి కదా అని. ఆవిడ మూడు రోజులు బెంగపడి, తగ్గిందా తగ్గిందా అని ప్రాణం తీశారు. తగ్గిందని చెప్పాక ఊపిరి పీల్చుకున్నారు, పెట్టె బీప్‌మని మోగింది.

గేటు తాళం మీద తుప్పు చుక్కలు వచ్చాయి. నేను దాన్నే చూస్తూ చచ్చిపోయిన మనిషికి చీర రంగులు మారుస్తున్నాను. నా అంత పాపిష్టిది ఉంటుందా?

ఆస్పత్రి నర్సు ఒకసారి లైన్లోకి వచ్చి "మీ నడకల తర్వాత ఈవిడ రెండు ముద్దలు ఎక్కువ తింటున్నారండి, థాంక్స్" అంది. దాంతో మర్నాడు ఇంకో చీర రంగు చెప్పాను.

నడక 47

నేనే తవ్వుకున్నాను ఈ గొయ్యి.

"మాట్లాడదా రత్నం? ఇన్నాళ్ళయింది, ఒక్క మాటా అనదా?" అని అడిగారు. గొంతులో అంత ఆశ. నేను ఆగిపోయి, తాళం వంక చూస్తూ, "అడిగారండి. ఎవరికోసం నడుస్తున్నావమ్మా అని అడిగారు" అన్నాను.

"ఏం చెప్పావు?"

"చేత్తో బిళ్ళ మూసి మీ పేరు చెప్పానండి."

"ఏమంది?"

"బాగుందా అని అడిగారు."

 చిన్నపిల్లలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను, గొంతు బిళ్ళ చేత్తో మూసుకుని.

నడక 52

 నర్సు చెప్పింది.

హైమావతి గారు తనని పెట్టెలోంచి బయటికి తీసి కిందూరికి తీసుకెళ్ళమని అర్జీ పెట్టారట. తీస్తే ఆరు గంటలు బతుకుతారు. మళ్ళీ పెట్టెలో పెట్టినా ఊపిరితిత్తులు పట్టవు. డాక్టర్లు అన్నీ వివరంగా చెప్పారు. అన్నీ విని సంతకం పెట్టేశారు. వచ్చే గురువారం పొద్దున.

నడుస్తుంటే తనే చెప్పారు, పండక్కి వస్తున్నట్టు. "నువ్వే నా కుర్చీ తొయ్యాలి రత్నం. రేవు దగ్గర్నుంచి తోసుకుంటూ రా. పార్కులు కూడా చూస్తాను. ఆరు గంటల్లో గంటా పది నడకకి పోయినా, దాని దగ్గర కూర్చోడానికి బోలెడు టైముంది."

"అమ్మా, ఇంకోసారి ఆలోచించుకోండి" అన్నాను.

"ఇరవై రెండేళ్ళు ఆలోచించాను" అన్నారు.

నడక 55

అన్నం సయించడం లేదు. సత్తిబాబుకి అంతా చెప్పేశాను. వాడు వెక్కిరించలేదు. "చెబితే చెప్పులు పోతాయి, చెప్పకపోతే మనిషి పోతుంది" అని ఊరుకున్నాడు. నాకు చెప్పుల బెంగ లేదు. చెప్పాక ఆ గొంతు ఎట్లా మారుతుందో, అది వినాలని లేదు. నిజం అదే. మంచితనం కాదు పాడు కాదు, నా పిరికితనం.

నడక 57

మంగళవారం. చెప్పాను.

నాపరాళ్ళ మీద అడుగు పెట్టకముందే చెప్పాలనుకున్నాను, పెట్టేశాను. గేటు ముందు ఆగి తాళం చేత్తో పట్టుకుని "హైమావతి గారూ, సుభాషిణి గారు లేరు" అన్నాను.

"లోపలికి వెళ్ళిందా?"

"పోయారండి. నెల కావస్తోంది. వాన పడి మనం రాని రోజు పొద్దున. నేను మీకు చెప్పినవన్నీ అబద్ధాలు. చీరలూ అబద్ధం, దగ్గూ అబద్ధం. బాగుందా అని ఎవరూ అడగలేదు."

 అట్నుంచి పెట్టె గాలి తీసుకునే చప్పుడు మాత్రం వస్తోంది.

"అంటే పదకొండో రోజు కూడా అయిపోయిందన్నమాట" అన్నారు చివరికి. "ఎవరు చేశారు?"

"ఎదురింటి రూతమ్మ గారి వాళ్ళు."

"ఒక్కసారైనా నా పేరెత్తిందా రత్నం? ఇది మాత్రం నిజం చెప్పు. నీకు దణ్ణం పెడతాను."

అప్పుడిక దాచడానికేం మిగిలింది? చెప్పాను. పదిహేడో నడక రోజు మీ అడుగు గుర్తుపట్టారని, గేటు ముందు నడవొద్దన్నారని, రెండు రోజులు కూర్చున్నానని చెప్పమన్నారని, కుక్కే నయమన్నారని. ఆ తర్వాత రోజూ గేటు దగ్గరికొచ్చి నించున్నారని.

"రోజూ నించుందా?"

"అవునండి. పదిరోజులు."

"నేనేమన్నానో వినడానికి."

"అట్లాగే అనిపించింది నాకు."

ఆవిడ గొంతు పెద్దది చెయ్యలేదు. పెద్దది చేసి బూతులు తిట్టినా బాగుండేది. "అది తిట్టింది రత్నం. ఇరవై రెండేళ్ళ తర్వాత నాతో మాట్లాడింది. ఆ తిట్టు నాది. నాకివ్వాల్సింది. పదకొండు రోజులు బతికుంది కదే తల్లీ, పదకొండు రోజులు!"

"మీరు బాధపడతారని..."

"నేను బాధపడితే నీకేం?" అన్నారు. నర్సుని పిలిచి మేజోళ్ళు తీయించేశారు. నా చెప్పులు ఒక్కసారిగా చచ్చుబడిపోయాయి.

గురువారం

నడక లేదు. ఆవిడ ప్రయాణమూ లేదు. అర్జీ వెనక్కి తీసుకున్నారని నర్సు చెప్పింది. బతికే ఉన్నారు, అన్నం మానేశారు, గొట్టంతో పెడుతున్నారు అంది. నా మీద ఆఫీసుకి ఫిర్యాదేమీ రాలేదు. వస్తే బాగుండును.

నేనే పొద్దున్నే దొరలపేట వెళ్ళొచ్చాను. గేటు ముందు నించుని సుభాషిణి గారికి క్షమాపణ చెబుదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని? రూతమ్మ గారు కాఫీ ఇస్తానంటే వద్దని వచ్చేశాను.

నడక 58

పదిరోజుల తర్వాత చెప్పులు వెచ్చబడ్డాయి. పార్కు గేటు దగ్గర ఉన్నాను, వేరే వాళ్ళ నడక ముగించి ఆవిడ జత తొడుక్కుని. పరుగున రేవుకి వెళ్ళి మొదట్నుంచి మొదలెట్టాను.  నాగమల్లి పూలు తొక్కితే పలకలేదు. క్యారమ్స్ ముసలాళ్ళని దాటాను, గట్టు దిగాను. తారు, ఇటుకరాళ్ళు, నాపరాళ్ళు. 

గేటు ముందు ఆగాను.

"వచ్చామా?" అన్నారు. గొంతు బాగా నీరసించింది.

"వచ్చామండి."

"అది ఏమందో చెప్పు. నీ మాటల్లో వద్దు. ఎట్లా అందో అట్లాగే చెప్పు."

వీధిలో ఎవరన్నా వింటారని ఆగలేదు నేను. కట్టడీ గుర్తు రాలేదు. సుభాషిణి గారు ఎట్లా నించున్నారో అట్లాగే గేటు పట్టుకుని, ఎట్లా అరిచారో అట్లాగే అరిచాను. "ఏయ్, ఆగు! ఆ నడక నీది కాదు. మా అక్కది..." నడవొద్దని చెప్పమన్నది, పడవ చప్పుడైనప్పుడల్లా లేచి నించున్నానన్నది, కుక్క నయమన్నది, ఒక్క ముక్క వదల్లేదు. రూతమ్మ గారు తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నారు.

"ఇంకోసారి" అన్నారు హైమావతి గారు.

ఇంకోసారి చెప్పాను. మూడోసారి ఆగి ఆగి పూర్తి చేశాను.

అప్పుడు ఆవిడ మాట్లాడారు, నాతో కాదు.

"సుభా, పడవ తిప్పమన్నానే. నీళ్ళు పెరుగుతున్నాయి, తిప్పనన్నాడు పడవవాడు. నేను గట్టు దగ్గర దిగి చేపల వాళ్ళ పడవైనా అడగాల్సింది. దిగలేదు. అమ్మ కోసం అని అందరికీ చెప్పాను, ఉత్తరాల్లో కూడా అదే రాశాను. అమ్మ కోసం కాదు. నాకు భయమేసింది. నీళ్ళని చూస్తే భయమేసింది. నువ్వక్కడ ఉన్నావని తెలిసే దిగలేదు. ఇంతే. ఇది నీకు చెప్పాలి."

ఆయాసం. పెట్టె గాలి తీసుకుంది, వదిలింది. నేను గేటు పట్టుకునే ఉన్నాను. లోపల వరండాలో ఆకులు రాలి ఉన్నాయి, ఎవరూ ఊడ్చలేదు.

"రత్నం."

"అమ్మా."

"ఏమన్నా అందా?"

నా నోటి చివర దాకా వచ్చింది. పోనీలే అక్కా అందని చెబితే చాలు. ఆవిడ ఆ రాత్రికి నాలుగు ముద్దలు తింటారు, నాకు తెలుసు. ఆవిడకీ అది అబద్ధమని తెలుసు, అయినా అడుగుతున్నారు.

"ఏమీ అనలేదండి" అన్నాను. "గేటుకి తాళం ఉంది. లోపల ఎవరూ లేరు."

"సరే" అన్నారు. పెట్టె ఒకసారి గాలి తీసుకున్నాక, "సరేలే, పద" అన్నారు.

ఒక్కడుగు వేశాను. రెండో అడుగుకి ఆవిడ కాళ్ళు నాతో లేవు; చెప్పులు వెచ్చగానే ఉన్నాయి, ఆవిడ అడుగు మాత్రం గేటు దగ్గరే నిలిచిపోయింది.